అంచులో బిళ్ళలు

జనవరి 28

ఒరేయ్ గరిటా,

నీ క్యాంపులో ఫోను పలకదని తెలిసి కూడా నిన్న రెండుసార్లు చేశాను. నువ్వేమో సొరంగం తవ్వేవాళ్ళకి వండిపెడతానని కొండెక్కి కూర్చున్నావు. నేనిక్కడ చెప్పుకోవడానికి మనిషి లేక కాగితం ముందేసుకున్నాను. అయినా ఇంట్లోంచి ఫోను చేయడం నాకూ ఇష్టం లేదులే. నేను ఫోను ఎత్తగానే మీ బావ పక్కగదిలో రేడియో సౌండు తగ్గిస్తాడు. ఎందుకు తగ్గిస్తాడో నువ్వే చెప్పు.

రొమ్ములో గడ్డ తీసేశాక ఆరు విడతలు కీమో అన్నారు కదా, మొన్న సోమవారంతో రెండోది అయింది. మొదటిసారి వెళ్ళేముందు అందరూ "బాగా తిని వెళ్ళు, బలం కావాలి" అని చెవిలో జోరీగల్లా పోరారు. మెడదాకా తిని వెళ్ళాను. ఆ తర్వాత వారమంతా నేనూ బకెట్టూ తప్ప మూడో మనిషి ఆ గదిలోకి రాలేకపోయారు. తిన్నదే కాదు, ఎప్పుడో చిన్నప్పుడు తిన్నది కూడా వచ్చేసిందనుకో.

ఆ మొదటిసారే ఆస్పత్రిలో నా పక్క కుర్చీలో ఒక లెక్కల మేష్టారు ఉన్నారు. రిటైరయ్యారట. చేతికి సూది గుచ్చుతున్నా పట్టించుకోకుండా పేపర్లో అంకెల పజిల్ నింపుకుంటారు. ఆయన చెప్పారు. "మందు ఎక్కించే ముందు రెండు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకండమ్మా. ఆకలేస్తే మంచి కణాలు తలుపులేసుకుని పడుకుంటాయి. చెడ్డవాటికి ఆ తెలివి లేదు. అవే ఆ మందు తాగి చస్తాయి" అన్నారు. ఈసారి అలాగే చేశాను. ఒక్కసారే వాంతయింది. మూడోరోజుకి మిషను మీద కూర్చుని కుట్టాను కూడా. మరి దీనికేమంటావు?

డాక్టరమ్మని అడగొచ్చు కదా అంటావు. అడగను. ఆస్పత్రి కింద క్యాంటీన్‌ని డాక్టరమ్మ మరిదే నడుపుతాడని వరండాలో అనుకుంటుంటే విన్నాను. తినమనక ఇంకేమంటుంది? డైట్ చెప్పే పిల్ల ఉంది, దానికి ఇరవై ఏళ్ళుంటాయేమో, బొమ్మల కాగితం ఒకటి చేతిలో పెట్టి పోయింది. అందులో గుడ్డుకి కూడా నవ్వుమొహం వేశారు. నవ్వే గుడ్డుని నేను నమ్మను.

మీ బావకి చెప్పలేదు. కంచంలో పెట్టుకుంటాను, ఆయన చేయి కడుక్కుని వచ్చేలోపు తిరిగి గిన్నెలో వేసేస్తాను. నువ్వూ ఆయనకి రాయకు. కానీ నువ్వు వంటవాడివి, జీవితమంతా నలుగురికీ పెట్టినవాడివి, నువ్వు చెప్పు. మూడోసారికి తినాలా, మానాలా?

నువ్వడిగిన మెస్సు కిటికీ కర్టెన్ గుడ్డ కత్తిరించాను. గాలి ఎక్కువన్నావు కదా, అంచులో సీసం బిళ్ళలు దండిగా వేస్తాను, కదలదు.

నీ అక్క

—

ఫిబ్రవరి 4

అక్కా,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర చదివాను. కూర మాడింది. డ్రిల్లింగ్ వాళ్ళు నన్ను తిట్టారు, నేను మనసులో మీ మేష్టారిని తిట్టాను.

తినాలి. ఇది నా జవాబు. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. మాడేది గిన్నే. కణాలు తలుపులేసుకుని పడుకోవడమేమిటి, అవేమన్నా మన పక్కింటివాళ్ళా? ఒకసారి వాంతులు తగ్గినంత మాత్రాన ఆయన మాట నిజమైపోతుందా? ఆ రోజు వాళ్ళు వాంతుల మాత్ర మార్చి ఇచ్చారేమో, అది అడిగావా?

అసలు ఆయనెవరు? నీకు చెప్పడం వల్ల ఆయనకేమిటి లాభం? లావుపాటి మనిషా, సన్నపాటి మనిషా? ఆయనకున్న జబ్బూ నీ జబ్బూ ఒకటేనా? ఇవేవీ రాయలేదు. ఆయన ఎంత చక్కగా పజిల్ నింపుతాడో మాత్రం రాశావు.

ఇంకో మాట. నువ్వు కంచంలోది గిన్నెలో వేస్తుంటే బావకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. తీగ ఒక పోగు తెగినా చెవితో చెప్పేస్తాడు. ఇంట్లో గిన్నె మూత చప్పుడు వినపడదా? తెలిసే ఊరుకుంటున్నాడంటే నాకు అనుమానంగా ఉంది. చిన్నప్పటి నుంచీ నీ మీద ఈగ వాలినా నాకు ఒళ్ళు మండుతుందని నీకు తెలుసు.

నీ కోసం గింజలు వేయించి పొడి కొట్టాను. కూరగాయలు ఎండబెట్టి సూపు పొడి చేశాను. వేడినీళ్ళలో కలుపుకోవడమే, వాసన కూడా రాదు. నువ్వు ఆస్పత్రిలో ఉన్న రోజు వస్తే ఇంటికి తాళం ఉంటుందని బావ పనిచేసే చోటికి పంపాను. అందగానే రాయి.

నీ తమ్ముడు (గరిట అని పిలవడం ఇంక మానెయ్, ఇక్కడ నా కింద ఏడుగురు పనిచేస్తున్నారు)

—

ఫిబ్రవరి 18

గరిటా,

ఏడుగురు పనిచేస్తే గరిట గంటె అవుతుందా? అక్కడే ఉండు.

మూడోది అయింది. ఈసారీ ఏమీ తినకుండానే వెళ్ళాను. నువ్వు కోప్పడతావని తెలుసు, అందుకే అయ్యాక రాస్తున్నాను. వాంతులు లేవు. మాత్ర మార్చారా అంటే, మార్చారు, అడిగాను. కానీ మాత్ర వల్లే తగ్గిందని ఎవరు చెప్పగలరు? నేను చెప్పలేను, నువ్వూ చెప్పలేవు.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. వెళ్ళగానే నర్సు బరువు చూస్తుంది. ప్రతిసారీ చూస్తుంది. చూసి మొహం మాడ్చుకుని లోపలికి వెళ్ళింది. డాక్టరమ్మ వచ్చి, "ఇంత తగ్గితే ఎలాగమ్మా? ఇంకా తగ్గితే మందు ఆపి, కోలుకున్నాక చూడాల్సి వస్తుంది" అంది. నవ్వుతూనే అంది. ఆపడమంటే ఏమిటో నాకు తెలియదనుకుందా? కిటికీ పక్క కుర్చీలో కూర్చునే ఆవిడకి కూడా "కొన్నాళ్ళు ఆపుదాం" అన్నారు. ఆవిడ మళ్ళీ కనపడలేదు. అడిగితే నర్సు నీళ్ళు నమిలింది. ఇది వాళ్ళ పద్ధతి. నయంకాదనుకున్నవాళ్ళని మెల్లిగా వదిలించుకుంటారు. నన్ను వదిలించుకోనివ్వను. ఈ గడ్డ నాలో ఒక్క పోగు మిగిలినా నేను బతకను, అది నాకు తెలుసు. ఆరూ పూర్తి చేయించుకుని తీరతాను.

అందుకని బరువు తగ్గకూడదు, మందుకు ముందు తినకూడదు. రెండూ ఎలా జరగాలో ఆలోచిస్తున్నాను. గుడ్డ తక్కువైనా కర్టెన్ కిటికీ అంతా నింపాలంటే ఏదో ఒక ఉపాయం ఉంటుంది. నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నది అదే పని.

మీ బావ సంగతి. ఈమధ్య పనిలోంచి ఆలస్యంగా వస్తున్నాడు. వచ్చి "ఆకలి లేదు, వండకు" అంటాడు. చొక్కా మీద నూనె వాసన. గ్రీజు వాసన నాకు తెలియదా? ఇది వేపుడు నూనె. నేను కడుపు మాడ్చుకుంటుంటే ఆయన ఎక్కడో కూర్చుని కమ్మగా తిని వస్తున్నాడు. ఎక్కడ, ఎవరు పెడుతున్నారు అని అడగాలంటే అభిమానం అడ్డొస్తోంది.

ఆస్పత్రి హాలు మహా చలి. పాత ఉన్ని స్వెట్టర్‌కి లోపల అస్తరు వేసుకుంటున్నాను. నీ కర్టెన్ అయిపోవచ్చింది.

అక్క

—

ఫిబ్రవరి 25

అక్కా,

పార్సిల్ గురించి ఒక్క ముక్క లేదు. మూడుసార్లు చదివాను, వెనక్కి తిప్పి కూడా చూశాను. పొడులు అందాయా లేదా?

అందలేదంటే ఎక్కడికి పోయినట్టు? నేను పంపింది బావ చేతికి. బావకి ఇంట్లో ఆకలి ఉండదు, చొక్కాకి మాత్రం వంట వాసన ఉంటుంది. నేను ఎవరినీ ఏమీ అనడం లేదు. రెండూ పక్కపక్కన రాశానంతే.

ఆపుతామన్నది బెదిరించడానికి కాకపోవచ్చు అక్కా. నా దగ్గర కొత్తగా చేరినవాడికి జ్వరం వస్తే పెద్ద డేగిసాలు ఎత్తనివ్వను, తగ్గాక ఎత్తమంటాను. అది వాడిని పనిలోంచి తీసేయడమా? నువ్వు ఎవరినైనా నమ్మేది ఎప్పుడు? కానీ నిన్ను అనడానికి నాకూ నోరు లేదు, మనిద్దరం ఒకే కడుపున పుట్టాం.

ఉపాయం అన్నావు. ఏమిటా ఉపాయం? నీ ఉపాయాలంటే నాకు భయం. చిన్నప్పుడు స్కూలు ఫోటోలో పొడుగ్గా కనపడాలని చెప్పుల్లో అట్టలు పెట్టుకుని మెట్ల మీద పడ్డావు, గుర్తుందా? చెయ్యి విరిగినా అట్టల సంగతి మాత్రం చెప్పలేదు.

తిను. కాస్తయినా తిను.

నీ తమ్ముడు

—

మార్చి 11

తమ్ముడికి,

గరిట అని రాయడం లేదు చూశావా? కోపంగా ఉన్నాను కాబట్టి.

ఆదివారం మీ బావ తలగడ కింద ఒక కవరు కనపడింది. చేతిరాత నీది, పేరు ఆయనది. తెరవలేదు, నాకా అలవాటు లేదు. కానీ ఆయనకి రాయొద్దని నీకు మొదటి ఉత్తరంలోనే చెప్పాను. నాకొక మొహం చూపించి, ఆయనకొక మొహం చూపిస్తున్నావన్నమాట. నీ ప్రశ్నలన్నీ ఎవరి ప్రశ్నలో ఇప్పుడు అర్థమవుతోంది. నేను తిన్నానా లేదా అని నీ చేత అడిగించి ఇంట్లో కూర్చుని తెలుసుకుంటున్నాడా? ఇద్దరూ కలిసి ఆ డాక్టరమ్మకి మోస్తున్నారా?

నాలుగోది అయింది. బరువు తగ్గలేదు. తగ్గకపోగా కొంచెం పెరిగాను! నర్సు "శభాష్ అమ్మా" అంది. మీ బావ ఆ మాట విని హాలు చివరిదాకా వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వచ్చేటప్పుడు లిఫ్టులో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా చెప్పాడు, మా ఆవిడ బరువు పెరిగిందండీ అని. అంత సంబరం ఎందుకో నాకర్థం కాలేదు.

కానీ ఈసారి మందు నన్ను పీల్చి పిప్పి చేసింది. నోరంతా పుళ్ళు. మంచినీళ్ళు తాగినా కారం తాగినట్టుంది. వేళ్ళ చివర్లు తిమ్మిరి, సూదిలో దారం ఎక్కించలేకపోయాను. జ్వరం వచ్చి మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళి, సెలైన్ పెట్టించుకుని వచ్చాం. ఇదంతా ఎందుకో నాకు తెలుసు. మందుకి ముందురోజు మీ బావ బతిమాలితే అర గ్లాసు గంజి తాగాను. ఆ అర గ్లాసే చేసింది ఈ పని. మేష్టారు చెప్పినట్టు చుక్క కూడా ముట్టకుండా ఉండాల్సింది. వచ్చేసారి ఇంకో రోజు ముందు నుంచే మానేస్తాను.

కర్టెన్ మీ సరుకుల లారీకి ఇచ్చి పంపాను. జాకెట్లన్నీ మళ్ళీ కుట్లు వేసి బిగించుకోవాలి, ఓపిక లేదు.

నేను

—

మార్చి 16

అక్కా,

అవును, బావకి రాశాను. తిట్టు. మా అక్కని ఆకలితో చంపుతున్నావా అని రాశాను. ఆయన జవాబు ఒక్క ముక్క. "బరువు తగ్గడం లేదు, నాకదే చాలు." ఇంత రాసి సంతకం పెట్టాడు. నాకు దీనికి ఇంకా ఎక్కువ అనుమానం వచ్చింది.

కర్టెన్ అందింది. రంగు బాగుంది, కొలత సరిపోయింది. కానీ అక్కా, ఇది నువ్వు కుట్టిందేనా? తగిలించిన గంటకే గాలికి లేచి, కిటికీ పక్కనున్న సూపు డేగిసాలో పడింది. తీసి పిండి మళ్ళీ వేశాను, మళ్ళీ లేచి నా నెత్తిన పడింది. డ్రిల్లింగ్ ఫోర్‌మన్ "మీ అక్క కర్టెన్ కుట్టిందా, గాలిపటం కుట్టిందా" అన్నాడు. వాడి మొహం చూడలేకపోయాను. నువ్వు కుట్టిన కర్టెన్ తుపాను వచ్చినా నిలువునా వేలాడుతుందని ఇక్కడందరికీ గొప్పలు చెప్పి ఉన్నాను.

అంచు తడిమి చూశాను. బిళ్ళలు లేవు. ఒక్కటీ లేదు. బిళ్ళలు పెట్టడానికి జేబులు మాత్రం వరసగా కుట్టి ఉన్నాయి, ఖాళీగా. కుట్టేశాక ఎవరో తీసినట్టు దారం తెగి ఉంది.

ఏమైంది?

నీ తమ్ముడు

—

మార్చి 20

గరిటా,

బిళ్ళలు దొరకలేదు. కొట్టువాడి దగ్గర సరుకు లేదు. దొరికాక పంపుతాను. అప్పటిదాకా రెండు గులకరాళ్ళు కట్టుకో.

సోమవారం కాక పై సోమవారం ఐదోది. రేపటి నుంచే తిండి తగ్గిస్తాను, చివరి మూడు రోజులు ఏమీ ముట్టను. నోటి పుళ్ళకి తినబుద్ధి కూడా కావడం లేదు, అదొక సుఖం. మీ బావ ఆ రేడియో తగ్గించి నా దగ్గు వింటున్నాడు. వింటే విననీ.

నువ్వు బిళ్ళల గురించి ఎక్కువ ఆలోచించకు.

అక్క

—

మార్చి 24

అక్కా,

ఈ ఉత్తరం లారీ డ్రైవరు చేతికిచ్చి, నీ చేతిలోనే పెట్టమని ఒట్టు వేయించుకుని పంపుతున్నాను. ఇది చదివేదాకా సోమవారం ఇల్లు కదలకు.

ఆలోచించకు అన్నావు కాబట్టే ఆలోచించాను. కొట్టువాడి దగ్గర సరుకు లేకపోతే జేబులు కుట్టి, దారం తెంపడం ఎందుకు? నువ్వు తినకుండా బరువు పెరిగావు. నా కర్టెన్ బరువు తగ్గింది. జాకెట్లు వదులయ్యాయని నువ్వే రాశావు. లోపల అస్తరు వేసిన స్వెట్టర్ గురించీ నువ్వే రాశావు. వంటవాడికి ఈమాత్రం తెలుస్తుంది. పిండి వేయకుండా ముద్ద పెరగదు.

అట్టలు గుర్తొచ్చాయి. నవ్వొచ్చింది కూడా, అబద్ధం ఎందుకు. నవ్వుతూనే మా క్యాంపు కాంపౌండర్‌కి చెప్పాను. ఆయన నవ్వలేదు. చేతిలో చెంచా కింద పెట్టేశాడు. "మీ అక్కని ఏ మందైనా ఎక్కించుకునే ముందు ఎందుకు తూస్తారనుకున్నావు?" అన్నాడు. "ఊరికే చూసి రాసుకోవడానికి కాదు. ఆ మందుల్లో చాలావాటికి మనిషి ఎత్తూ బరువూ లెక్కగట్టి మోతాదు వేస్తారు. అది అసలే విషం లాంటిది. బక్కమనిషికి బలమైన మనిషి మోతాదు పడితే, మరి నోరు పూయదా, జ్వరం రాదా?" అన్నాడు.

అక్కా, నాలుగోసారి నీకు ఎక్కించిన మందులో కొంత నీకు కాదు, ఆ సీసం బిళ్ళలకి. వాటికి నోరు పూయదు, జ్వరం రాదు కదా, అదంతా నీ ఒంటి మీదే పడింది. అర గ్లాసు గంజిని అనవసరంగా ఆడిపోసుకున్నావు.

ఇది నిన్ను తినిపించడానికి నేనల్లిన కథ అనుకుంటావని తెలుసు. నన్ను నమ్మొద్దు. కాంపౌండర్‌ని నమ్మొద్దు. ఆ నర్సుని ఒక్క ప్రశ్న అడుగు. బరువు చూశాక ఆ అంకె ఎక్కడికి పంపుతారు అని అడుగు. అంతే. తిండి సంగతి తర్వాత పోట్లాడుకుందాం. మనం పోట్లాడుకోవాలంటే నువ్వుండాలి కదా అక్కా.

నీ గరిట

—

ఏప్రిల్ 1

గరిటా,

నీ ఉత్తరం చదివి చింపేద్దామనుకున్నాను. మీ బావా నువ్వూ డాక్టరమ్మా కలిసి రాయించారు అనుకున్నాను. కాంపౌండర్ అనేవాడు అసలు ఉన్నాడా అని కూడా అనుకున్నాను. సోమవారం స్వెట్టర్ వేసుకునే వెళ్ళాను. మరి కొన్ని బిళ్ళలు చేర్చి వేసుకున్నాను, నిజం చెప్తున్నాను.

నర్సు ఎప్పటిలాగే చెప్పులు విప్పమంది. చెప్పులు విప్పిస్తారు గానీ చలికి వణుకుతున్న ముసలిదాన్ని స్వెట్టర్ విప్పమనరు, అక్కడే నాకు సందు దొరికింది. తూచింది. "బాగుందమ్మా, నిలబెట్టుకున్నారు" అంది. దిగాను. దిగి, ఊరికే అన్నట్టు అడిగాను, ఆ అంకె ఏం చేస్తావమ్మా అని. ఆ పిల్ల తల కూడా ఎత్తకుండా "మందు కలిపేవాళ్ళకి పంపిస్తానండీ. ఇది చూసే కలుపుతారు" అంది.

తమ్ముడూ, ఆ పిల్లకి నేను ఏం చేస్తున్నానో తెలీదు, నువ్వెవరో తెలీదు. దానికి అబద్ధం చెప్పాల్సిన పనేముంది?

"మళ్ళీ తూచమ్మా" అన్నాను. స్వెట్టర్ విప్పాను. వేళ్ళకి పట్టు లేదు కదా, జారి కింద పడింది. ఉన్ని స్వెట్టర్ పడితే చప్పుడవుతుందా? ధన్‌మని పడింది. హాలంతా చూశారు. మీ బావ వంగి తీశాడు. తీసి అలాగే చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన జీవితమంతా లిఫ్టులకి ఎదురు బరువులు కట్టిన మనిషి, చేత్తో ఎత్తితే చాలు, ఎంతుందో చెప్పేస్తాడు. నా వైపు చూశాడు. స్వెట్టర్‌ని నర్సు బల్ల మీద పెట్టాడు.

అసలు బరువు చూసి నర్సు నేరుగా వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ నవ్వలేదు ఈసారి. అరిచింది. అరిచాక కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, ఎందుకు చేశారు అంది. అన్నీ చెప్పాను. ఆపితే వదిలేస్తారనుకున్నానని చెప్పాను. ఆవిడ మరిది క్యాంటీన్ గురించి కూడా అడిగేశాను, ఇంకా దాచడమెందుకు? ఆవిడకి మరిదే లేడట. కిటికీ పక్క కుర్చీ ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళి అక్కడి ఆస్పత్రిలో చేయించుకుంటోందట, పోయిన వారం ఫోను కూడా చేసిందట.

మేష్టారు లావా సన్నమా అని నువ్వు మొదటే అడిగావు. నేను జవాబు రాయలేదు. ఆయన ఇద్దరు నేనులంత ఉంటారురా. ఉపవాసం ఆయన సొంతంగా పెట్టుకున్నది కాదు. దాని మీద పరీక్షలు చేస్తున్నవాళ్ళు ఆయన ఒంటినీ రక్తాన్నీ చూసి, ఒప్పుకున్నాక పెట్టించారట. వారం వారం చూస్తున్నారట. అది అందరికీ పనిచేస్తుందో లేదో వాళ్ళకే ఇంకా తెలీదట. ఆయనకి డాక్టర్లు చెప్పారు, నాకు ఆయన చెప్పారు. ఆ మాట ఆ కుర్చీలోంచి ఈ కుర్చీలోకి వచ్చేసరికి నా ప్రాణం మీదికొచ్చింది. నా సంగతి వినగానే పక్క కుర్చీలో పాపం ఆయన మొహం తెల్లబోయింది. మంచికే చెప్పానమ్మా అన్నారు. మంచికే చెప్పారు, నిజమే. అడగాల్సిన చోట నేను అడగలేదు.

మందు వాయిదా వేశారు. మూడు వారాల్లో ఒళ్ళు కొంచెం పుంజుకుంటే ఐదోది ఇస్తామన్నారు. లేదంటే ఇంకా ఆగాలి. నాకు భయంగా ఉంది గరిటా. ఈ మూడు వారాల్లో లోపల ఏమవుతోందో ఎవరు చూశారు? భయమేసినా ఈసారి ఆవిడనే అడిగాను. ఇంత ఆగితే ఫరవాలేదు, మోతాదు తప్పు పడితేనే ప్రమాదం అంది. నమ్మాలని చూస్తున్నాను.

ఇంటికొచ్చాక మీ బావ అసలు సంగతి చెప్పాడు. "గిన్నెలో అన్నం అంతే ఉండటం నాకు తెలీదనుకున్నావా? మొదటి రోజు నుంచీ తెలుసు. పోట్లాడదామనుకున్నాను. నాలుగోసారి బరువు పెరిగిందన్నారు. ఏదో ఒకటి తింటోంది కాబోలు, నా ముందు తినడం ఇష్టం లేదు కాబోలు అనుకుని నోరు మూసుకున్నాను" అన్నాడు. నా దొంగ బరువు చూసి ఊరుకున్నాడు. నువ్వొక్కడివే ఊరుకోలేదు.

నూనె వాసన కూడా చెప్పాడు. వంట వాసనకి నాకు కడుపులో తిప్పుతోందని, మొదటి కీమో అప్పటి నుంచీ వీధి చివర కొట్టు బయట నిలబడి తిని వస్తున్నాడట. చొక్కాకి కూడా వాసన అంటుతుందని ఆయనకి తట్టలేదు. రేడియో తగ్గించేది నా గొంతులో ఓపిక ఎంతుందో వినడానికట.

నీ పార్సిల్ ఆయన తెచ్చిన రోజే నా చేతికిచ్చాడు. నేనే గుడ్డపీలికల పెట్టెలో అడుగున దాచాను. తినాలనిపిస్తుందేమోనని భయపడి దాచాను. నువ్వు ఆయన్ని అనుమానిస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. ఆయనకి నువ్వే క్షమించమని రాయి, నా తరఫున కూడా రాయి. నాకు మొహం చెల్లడం లేదు.

సూపు పొడి బాగుంది. ఉప్పు తక్కువైంది. నోటి పుళ్ళకి అదే సరిపోయింది.

అక్క

—

ఏప్రిల్ 8

అక్కా,

ఉప్పు కావాలనే తగ్గించాను. కాంపౌండర్‌ని అడిగి చేశాను. ఇంకో పార్సిల్ వస్తోంది, ఈసారి నీ పేరు మీదే. బావకి నాలుగు పేజీలు రాశాను. మూడు పేజీలు క్షమాపణ, నాలుగో పేజీ తిట్లు. నోరు మూసుకున్నందుకు.

నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నిజంగా తింటున్నావా? నువ్వు తింటున్నానని రాస్తే ఇప్పుడు నమ్మబుద్ధి కావడం లేదు, ఏం చేయను. బావ చేత రాయించు. వద్దు, ఆయన్నీ నమ్మను. ఇద్దరూ చెరొక కాగితం విడివిడిగా రాయండి.

గరిట

—

ఏప్రిల్ 21

గరిటా,

ఈ కవరు బరువు చూసి కంగారుపడకు. ఇందులో నీ కర్టెన్ బిళ్ళలున్నాయి, అన్నీ లెక్కపెట్టే పంపుతున్నాను. జేబుల్లో ఒక్కొక్కటి వేసి పైన కుట్టెయ్. నా వేళ్ళకి ఇంకా తిమ్మిరి పోలేదు, అంచు పని నీకే వదిలేస్తున్నాను. మీ ఫోర్‌మన్‌ని పిలిచి చూపించు, మా అక్క కుట్టింది గాలిపటం కాదని.

నిన్న ఐదోది అయింది. నాదైన బరువుకి, నాదైన మోతాదు. కొంచెమే పెరిగాను, ఆ కొంచెం చాలన్నారు. పొద్దున్నే డాక్టరమ్మ చెప్పినట్టు మెత్తగా, కొద్దికొద్దిగా తిని వెళ్ళాను. రాత్రి వాంతయింది. అంటే నా పాత లెక్క ప్రకారం మళ్ళీ తిండి మీద పడాలి కదా? పడలేదు. కడుక్కుని వచ్చి మళ్ళీ నాలుగు చెంచాలు తాగాను. మీ బావ ఎదురుగా కూర్చుని తన కంచంలోది తిన్నాడు, ఇంట్లో, నా ముందు. వాసనకి కొంచెం తిప్పింది. వెళ్ళమనలేదు.

విడిగా కాగితం రాయమన్నావు, ఆయన రాయడట. రాయాల్సిన పని లేదట. ఎందుకంటే నిన్న ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర నన్ను ఆపాడు. చెప్పులు వేసుకోబోతున్న దాన్ని ఆగమన్నాడు. నా స్వెట్టర్ అంచు ఈ చివర నుంచి ఆ చివరిదాకా వేళ్ళతో తడిమి చూశాడు. అస్తరు నొక్కి చూశాడు. చేతులు, జేబులు, మెడ దగ్గర మడత కూడా చూశాడు. మెట్ల మీద పైవాటా వాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఇంకో రోజైతే ఆ చెయ్యి విసిరికొట్టేదాన్ని, ఇంతకన్నా అవమానం ఉందా అనేదాన్ని.

నిన్న మాత్రం రెండు చేతులూ పైకెత్తి, ఆయన తృప్తిగా చూసుకునేదాకా నిలబడ్డాను.

నీ అక్క